మూడు ఇసుక పలకలు

(2000వ సంవత్సరం పదో తరగతి బ్యాచ్ మిత్రులు ముగ్గురు)



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని కబురు వచ్చినప్పుడు మేము ముగ్గురం ఫోన్లో చాలాసేపు మాట్లాడుకున్నాం. పప్పుచారు గురించి, ట్రంకు పెట్టెల గురించి, వానాకాలం కారే కప్పు గురించి ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. అందుకని మేము మా ఇంజనీరింగ్ ప్రాజెక్టు గురించి రాద్దామనుకున్నాం. గాలికీ, ఇసుకకీ, మన హాస్టల్‌కీ ఏం సంబంధమని మీకు అనిపించవచ్చు. ఆ ప్రాజెక్టు మేము చెయ్యగలిగామంటే అందులో సగం ఈ హాస్టల్ నేర్పిందే.

మేము ముగ్గురం ఇక్కడ ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఉన్నాం. ఇంటర్ తర్వాత ఎంసెట్ కౌన్సెలింగ్‌లో ఒకే కాలేజీ, ఒకే బ్రాంచి ఆప్షన్ పెట్టుకుని 2002లో మెకానికల్ ఇంజనీరింగ్‌లో చేరాం. తెలుగు మీడియం నుంచి వెళ్లినవాళ్లం. మొదటి ఏడాది క్లాసులో నోరు విప్పాలంటే భయం. ఒకరు మిస్సయిన మాట ఇంకొకరు పట్టుకుని, రాత్రి గదిలో ముగ్గురి నోట్సూ కలిపితే ఒక పాఠం అయ్యేది. మాలో ఒకడికి రెండు సబ్జెక్టులు పోయాయి. అందులో ఒకటి ఫ్లూయిడ్ మెకానిక్స్. ఆ సబ్జెక్టులోనే చివరి ఏడాది ప్రాజెక్టు చేస్తామని అప్పుడు ఎవరైనా అంటే నవ్వి ఉండేవాళ్లం.

ఆ ఆలోచన మాకు పేపర్లో వచ్చిన ఒక ఫొటో వల్ల వచ్చింది. 2005 జూలై 26న డిస్కవరీ వ్యోమనౌక ఆకాశంలోకి వెళ్లింది. అంతకు రెండేళ్ల ముందు, 2003 ఫిబ్రవరి 1న కొలంబియా తిరిగివస్తూ విచ్ఛిన్నమై కల్పనా చావ్లాతో సహా ఏడుగురు చనిపోయారు. ఆ తర్వాత మళ్లీ మనుషులతో వెళ్లిన మొదటి షటిల్ ఇదే కాబట్టి అందరి కళ్లూ దాని మీదే ఉన్నాయి. నౌక అడుగున వేడిని ఆపే టైల్స్ ఉంటాయి. వాటి మధ్య సందుల్లో పెట్టిన గుడ్డపట్టీలు రెండు సుమారు అంగుళం వరకు బయటికి పొడుచుకొచ్చినట్టు ఫొటోల్లో కనిపించింది. ఆగస్టు 3న స్టీఫెన్ రాబిన్సన్ అనే వ్యోమగామి నౌక కిందికి వెళ్లి, ఆ రెండింటినీ చేత్తోనే మెల్లగా లాగేశారు.

మాకు ఆశ్చర్యం వేసింది. నౌక పొడవు దాదాపు 37 మీటర్లు. పొడుచుకొచ్చింది అంగుళం. అంత చిన్నదానికి మనిషిని శూన్యంలోకి ఎందుకు పంపాలి?

దీనికి సమాధానం మీ హాస్టల్ గదిలోనే చూడవచ్చు. ఫ్యాను ఆపి, తలుపులు వేసి, ఒక అగరుబత్తి వెలిగించండి. పొగ మొదట దారంలా నిటారుగా లేస్తుంది. ఒక ఎత్తుకు వెళ్లాక ఊగి, మెలికలు తిరిగి, చెదిరిపోతుంది. ఆ నిటారు దారాన్ని లామినార్ ప్రవాహం అంటారు. పొరలు పొరలుగా, ఒకదానిలో ఒకటి కలవకుండా సాగే ప్రవాహమన్నమాట. చెదిరిన భాగం టర్బులెంట్ ప్రవాహం. ఒకటి రెండోదిగా మారడాన్ని ట్రాన్సిషన్ అంటారు. 1883లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఆస్బర్న్ రెనాల్డ్స్ గాజు గొట్టంలో నీళ్లు పారించి, మధ్యలో సన్నటి రంగు ధార వదిలి ఈ మార్పును కళ్లకు కట్టినట్టు చూపించాడు. మీ ఇంటర్ ఫిజిక్సులో వచ్చే రెనాల్డ్స్ సంఖ్య ఆయన పేరు మీదుగా వచ్చిందే. మామూలుగా ఆ సంఖ్య 2000 దాటాక ప్రవాహం చెదిరే అవకాశం మొదలవుతుంది. అయితే నీళ్లను బాగా తేరనిచ్చి, గొట్టం మూతిని నున్నగా చేస్తే 12,000 దాకా చెదరకుండా ఉండడం ఆయనే చూశాడు. అంటే ప్రవాహం ఎప్పుడు చెదురుతుందన్నది వేగం ఒక్కటే చెప్పదు. దారిలో దానికి ఏం తగిలిందన్నది కూడా చెబుతుంది.

ఏ వస్తువు మీదుగా గాలి వీచినా, దానికి ఆనుకున్న గాలి అస్సలు కదలదు. దానిపై పొర కొద్దిగా కదులుతుంది. ఆపై పొర ఇంకొంచెం. అలా పలుచని మందంలోనే సున్నా నుంచి పూర్తి వేగం దాకా వస్తుంది. దీన్ని బౌండరీ లేయర్ అంటారు. 1904లో జర్మనీకి చెందిన లుడ్విగ్ ప్రాండ్టల్ దీన్ని ప్రపంచానికి చెప్పాడు. ఉపరితలం మీద గరుకుగా ఏదైనా ఉంటే, అది ఈ పలుచని పొరలోకి తల పెట్టి కదిలిస్తుంది. తిరిగివచ్చే వ్యోమనౌక కింద ఆ పొర ముందుగానే టర్బులెంట్‌గా మారితే పైనున్న వేడి గాలి కిందికి కలిసిపోయి టైల్స్‌కు ఎక్కువ వేడి తగులుతుంది. అందుకే ఆ అంగుళం గుడ్డకు అంత భయం. ఆ తర్వాత 2009 మార్చిలో ఇదే డిస్కవరీ రెక్క కింద పావు అంగుళం ఎత్తు దిమ్మెను కావాలనే పెట్టి పంపి, వేడి ఎంత పెరుగుతుందో కొలిచారు కూడా.

గరుకు అన్నిసార్లూ చెడ్డది కాదన్న సంగతి మాత్రం మాకు ముందే తెలుసు. మన హాస్టల్ వెనక చింతచెట్టు కింద ఆడిన క్రికెట్టే అది నేర్పింది. మాలో ఒకడు బౌలర్. బంతి ఒక వైపు గరుకైపోతే రెండో వైపు ఖాకీ నిక్కరుకు రుద్దీ రుద్దీ మెరుగు పెట్టేవాడు. వాడి నిక్కరు మీద ఎర్రటి మరక ఎప్పుడూ ఉండేది. బంతి ఎందుకు వంగుతుందో వాడికి తెలియదు, మాకూ తెలియదు. అసలు సంగతి ఏమిటంటే, కొత్త బంతి కుట్టును కొంచెం పక్కకు వంచి వేస్తే, కుట్టున్న వైపు గాలి పొర చెదిరి టర్బులెంట్ అవుతుంది. చెదిరిన పొరకు పైనుంచి వేగమైన గాలి కలిసి బలం వస్తుంది కాబట్టి అది బంతిని ఎక్కువ దూరం అంటిపెట్టుకుని ఉంటుంది. నున్నని వైపు పొర తొందరగా విడిపోతుంది. రెండు వైపులా తేడా వచ్చి బంతి కుట్టు చూపే వైపుకు వంగుతుంది. గంటకు 110 కిలోమీటర్ల ప్రాంతంలో ఇది బాగా పని చేస్తుంది. ప్రాండ్టల్ 1914లో నున్నని గోళానికి సన్నటి తీగ ఉంగరంలా చుడితే గాలి అడ్డు తగ్గడం చూశాడు. గోల్ఫు బంతి మీద గుంటలు పెట్టేది కూడా ఇందుకే.

"గరుకు ఎంత ఉంటే గాలి చెదురుతుంది?" అన్నదే మా ప్రాజెక్టు ప్రశ్న. మా ల్యాబులో చిన్న విండ్ టన్నెల్ ఉండేది. నున్నని సన్‌మైకా అతికించిన 60 సెంటీమీటర్ల ప్లైవుడ్ పలకలు మూడు వడ్రంగి చేత చేయించాం. ఏటి ఇసుక తెచ్చి కడిగి ఎండబెట్టి, సివిల్ వాళ్ల జల్లెళ్లు అడిగి జల్లించాం. మొదటి పలకకు 0.3 నుంచి 0.6 మిల్లీమీటర్ల రేణువులు, రెండో పలకకు 0.6 నుంచి 1.18, మూడోదానికి 1.18 నుంచి 2.36. ముందు అంచు నుంచి 20 సెంటీమీటర్ల దగ్గర రెండు సెంటీమీటర్ల వెడల్పు పట్టీగా అతికించాం. మొదటిసారి ఫెవికాల్ మందంగా పూసి రేణువులను సగం ముంచేశాం. గీకేసి మళ్లీ అతికించాల్సి వచ్చింది.

గాలి చెదిరిందో లేదో తెలుసుకోవడానికి మా దగ్గర ఖరీదైన పరికరాలు లేవు. పాత పుస్తకాల్లో ఒక పద్ధతి దొరికింది. ఇంజక్షన్ సూది మొనను అరగదీసి, చదును చేసి, పలకకు ఆనించి గాలికి ఎదురుగా పెట్టాలి. దాని రెండో కొసకు సన్నటి రబ్బరు గొట్టం, ఆ గొట్టానికి స్టెతస్కోపు. గాలి లామినార్‌గా ఉంటే చెవిలో సన్నటి సద్దు, అంతే. టర్బులెంట్ అయితే బుస్సుమని హోరు. స్టెతస్కోపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసే మా ఊరి అక్క పాతది ఇచ్చింది. మనుషుల గుండెలు విన్న దానితో మేము గాలిని విన్నాం.

ఫలితాలు మేము అనుకున్నట్టు రాలేదు. రేణువు పెరిగిన కొద్దీ గాలి కొంచెం కొంచెంగా చెదురుతుందని, గ్రాఫు మెట్టు మెట్టుగా ఎక్కుతుందని అనుకున్నాం. మొదటి పలక మీద ఏమీ జరగలేదు. ఇసుక లేని పలకకీ దానికీ చెవికి తేడానే తెలియలేదు. మూడో పలక మీద వెంటనే హోరు. రెండో పలకే మమ్మల్ని ఏడిపించింది. సెకనుకు 10 మీటర్ల వేగంలో నిశ్శబ్దం. 15 మీటర్లకు పెంచితే ఒకరోజు హోరు, ఇంకోరోజు సద్దు, ఇంకోసారి ఉండి ఉండి బుస్సుమని ఆగిపోవడం.

మొదటి రివ్యూలో గ్రాఫు చూసి, "ఒక పలకకు ఏమీ రాలేదు, ఇంకో పలకకు రోజుకొక రకంగా వచ్చింది. ఇవి రీడింగులేనా?" అన్నారు. వెనకనుంచి ఇంకెవరో "హాస్టల్ బ్యాచ్ కదా సార్, ల్యాబుకు వెళ్లకుండానే రాసుంటారు" అన్నారు. నవ్వులు వినిపించాయి. నెల రోజుల్లో సరైన గ్రాఫుతో రాకపోతే ప్రాజెక్టు ఆమోదించమని చెప్పారు.

ప్రాజెక్టు పోతే ఇంకో ఆరు నెలలు. మాకు స్కాలర్‌షిప్ ఆ ఏడాదితో ఆగిపోతుంది. ఆ ఆరు నెలల గది అద్దె, తిండి ఎక్కడి నుంచి తేవాలి? ఒకరింట్లో చెల్లి పెళ్లి కుదిరి ఉంది. ఇంకొకరి నాన్న కూలికి వెళ్లే రోజులు తగ్గిపోయాయి. ఆ రాత్రి మాలో ఒకడు మెల్లగా అన్నాడు: "రెండో పలక అంకెలు కొంచెం సవరిద్దాంరా. మొదటిదానికి కూడా కొంచెం కలుపుదాం. ఎవరు చూస్తారు?" వాడు చెడ్డవాడు కాదు. అందరి కంటే భయం వాడికే ఎక్కువ, ఎందుకంటే రెండు సబ్జెక్టులు పోయింది వాడికే. మిగతా ఇద్దరం వెంటనే వద్దని కూడా అనలేదు. నిజం చెప్పాలంటే పెన్సిల్ తీసి గ్రాఫు కాగితం మీద చక్కటి గీత ఒకటి గీసి చూసుకున్నాం కూడా. చూడ్డానికి అందంగా ఉంది.

ఆ గీత చూస్తుంటే మాకు ఎనిమిదో తరగతిలో మెస్ కమిటీ గుర్తొచ్చింది. ముగ్గురం కమిటీలో ఉన్నాం. సరుకులు వచ్చిన రోజు తూచి స్టాకు రిజిస్టరులో రాసే పని మాది. ఒకసారి బియ్యం సంచి మీద 50 కిలోలని ఉంటే మేము తూచకుండానే 50 అని రాసేశాం. వార్డెన్ గారు వచ్చి మళ్లీ తూయించారు. కాటా 47న్నర చూపింది. "సంచి మీద ఏముందో నాకొద్దు బాబూ, కాటా ఏం చూపిందో అది రాయండి" అన్నారు. సరుకు తెచ్చినాయన కేకలేశాడు. వార్డెన్ గారు రిజిస్టరు మూయలేదు. ఆ రెండున్నర కిలోలు మా కంచాల్లోంచి పోయేవని మాకు ఆ రోజే అర్థమైంది.

పెన్సిల్ గీత రబ్బరుతో చెరిపేశాం. "కాటా ఏం చూపిందో అదే రాద్దాం. కాటా అలా ఎందుకు చూపిందో తెలుసుకుందాం" అనుకున్నాం.

మర్నాటి నుంచి నెట్ సెంటర్. డబ్బులు ముగ్గురం కలిపి పోగు చేసుకుని, 1958లో అమెరికాలో బ్రాస్లో, నాక్స్ అనే ఇద్దరు రాసిన రిపోర్టు ఒకటి ప్రింటు తీసుకున్నాం. అందులో ఉంది మా సమాధానం. రేణువు తల దగ్గర గాలి వేగాన్ని రేణువు ఎత్తుతో గుణించి, గాలి స్నిగ్ధతతో భాగిస్తే వచ్చేది రేణువు తాలూకు రెనాల్డ్స్ సంఖ్య. అది సుమారు 600 దాటేదాకా చెప్పుకోదగ్గ మార్పు ఉండదు. దాటితే రేణువు వెనకే గాలి చెదిరిపోతుంది. అంటే ఇది మెట్లెక్కే లెక్క కాదు, గడప దాటే లెక్క.

లైబ్రరీలో ఉన్న ష్లిక్టింగ్ పుస్తకంలోని పట్టికతో మా పలకకు లెక్క కట్టాం. 15 మీటర్ల వేగంలో మా ఇసుక పట్టీ దగ్గర బౌండరీ లేయర్ మందం రెండు మిల్లీమీటర్ల పైచిలుకు. 600 రావాలంటే రేణువు ఎత్తు దాదాపు 1 మిల్లీమీటరు ఉండాలి. 10 మీటర్ల వేగంలో దాదాపు 1.3 మిల్లీమీటర్లు. మా మొదటి పలక రేణువులు 0.6 దాటవు, కాబట్టి నిశ్శబ్దం. మూడోవి చాలావరకు గడపకు పైనే, కాబట్టి హోరు. రెండో పలకలో రేణువులు 0.6 నుంచి 1.18 దాకా. 10 మీటర్లకు ఒక్కటీ గడప దాటదు. 15కు కొన్ని దాటతాయి, కొన్ని దాటవు. ఆ కాగితం చుట్టూ ముగ్గురం ఎంత గట్టిగా అరిచామంటే పక్కగదివాళ్లు ఉద్యోగం వచ్చిందేమో అని పరుగెత్తుకొచ్చారు.

రోజుకొక రకంగా ఎందుకు వచ్చిందో కూడా తేలింది. మధ్యాహ్నం వోల్టేజీ తగ్గి బ్లోయరు కొంచెం నెమ్మదించేది. సాయంత్రం పుంజుకునేది. గడప మీద నిలబడ్డ పలకకు ఆ కొంచెం తేడానే చాలు. ఇక ఉండి ఉండి బుస్సుమనడం కూడా మా తప్పు కాదు. 1951లో ఎమ్మన్స్ అనే శాస్త్రవేత్త ట్రాన్సిషన్ అంతా ఒకేసారి రాదని, మచ్చలు మచ్చలుగా పుట్టి వ్యాపిస్తుందని చూపించాడు. ఒకచోట ఎంత సేపు టర్బులెంట్, ఎంత సేపు లామినార్ అని లెక్కగట్టే పని మన దేశంలోనే బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో జరిగింది. రొద్దం నరసింహ గారు 1957లో, ఆ తర్వాత 1958లో సతీష్ ధావన్ గారితో కలిసి రాసిన పత్రాలు నేటికీ ప్రపంచమంతా వాడుతోంది. శ్రీహరికోట రాకెట్ కేంద్రానికి 2002లో పెట్టిన పేరు ఆ ధావన్ గారిదే. టీవీలో ఆ పేరు ఎన్నిసార్లు విన్నామో. ఆయన మా రెండో పలక లాంటి గాలి గురించే ఆలోచించారని తెలిసి ఒళ్లు పులకరించింది.

2006 ఏప్రిల్‌లో వైవా జరిగింది. బయటనుంచి వచ్చిన పెద్దాయన గ్రాఫు చూసి ఏమీ అనలేదు. "వినిపించండి" అన్నారు. స్టెతస్కోపు ఆయన చెవులకు పెట్టి, రెండో పలక టన్నెల్లో ఉంచి, వేగం మెల్లగా పెంచాం. మాకు ఏమీ వినిపించదు కదా, ఆయన ముఖమే చూస్తూ నిలబడ్డాం. కాసేపటికి ఆయన కనుబొమలు పైకి లేచాయి. చెయ్యెత్తి వేగం తగ్గించమన్నారు, మళ్లీ పెంచమన్నారు. మూడుసార్లు విన్నారు. "పాత రీడింగులు కూడా రిపోర్టులో ఉన్నాయా?" అని అడిగారు. ఉన్నాయన్నాం. "అవి తీసెయ్యకండి" అన్నారు. మాకు పెద్ద మార్కులేమీ రాలేదు, కానీ పాసయ్యాం. ముగ్గురం ఆ ఏడాదే బయటపడ్డాం. రెండు సబ్జెక్టులు పోయినవాడు కూడా. తర్వాత ఏడాది జూనియర్లకు మా రిపోర్టే చూడమని ఇచ్చారని విన్నాం.

ఇప్పుడు మాలో ఒకరు నీటిపారుదల శాఖలో, ఒకరు జూనియర్ కాలేజీలో, ఆ రెండు సబ్జెక్టులు పోయినవాడు బెంగళూరులో గాలి ప్రవాహాలను కంప్యూటర్ మీద లెక్కగట్టే పనిలో ఉన్నాం. వాడు చెప్పేదేమిటంటే, ఇంత పెద్ద కంప్యూటర్లు వచ్చినా గరుకుతనం ఇంకా పూర్తిగా లొంగలేదట. 1933లో నికురాడ్సే అనే ఆయన గొట్టాల లోపల జల్లించిన ఇసుక అతికించి కొలిచాడు. ఈనాటికీ చాలా మోడళ్లలో ఉపరితలం ఎలాంటిదైనా "ఇది ఎంత ఇసుకకు సమానం?" అని ఒక్క అంకెగా మార్చి ఇవ్వాలి. అనంతపురం కొండల మీద తిరిగే గాలిమర రెక్కకు దుమ్ము, పురుగులు అంటుకుంటే గాలి ముందే చెదిరి కరెంటు తగ్గుతుంది. ఆ పురుగులు ఇసుక కావు కదా. ఆ అంకె సరిగ్గా ఇవ్వడమే కష్టం. అందుకే ఇప్పటికీ ఎవరో ఒకరు పలకకు ఏదో ఒకటి అతికించి, గాలి వదిలి, కొలవాల్సిందే. తమ్ముళ్లూ, మీలో ఎవరికైనా అందులో చోటుంది.

ఆ మూడు పలకలూ, సూదీ, స్టెతస్కోపూ ఈ వార్షికోత్సవం రోజున మన స్టడీ హాల్ అలమారలో పెడుతున్నాం. పక్కనే మా రీడింగుల నోటుబుక్కు కూడా. అందులో కొట్టివేతలు ఉంటాయి, ఫెవికాల్ మరకలు ఉంటాయి, కుదరని అంకెలు అలాగే ఉంటాయి. రెండో పలక ఇసుకను ఒకసారి వేలితో తడిమి చూడండి. మెస్ కమిటీలో ఉన్నవాళ్లు మాత్రం ముందు వెళ్లి ఈ నెల బియ్యం తూచి, కాటా చూపిందే రాసి, ఆ తర్వాత రండి.